యుద్ధకాలపు వస్తువు కొనే ముందు: అసలును, నకిలీని వేరుచేసే పద్ధతి

ఏడేళ్ల కిందట పాతబస్తీలోని ఒక పాత సామాన్ల దుకాణంలో నేను ఒక ఇత్తడి దిక్సూచి కొన్నాను. అరచేతిలో ఇమిడేంత గుండ్రని డబ్బా, బరువైన మూత, మూత మీద 'కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917' అని చెక్కిన అక్షరాలు, మడతబందు సందులో పచ్చగా పేరుకున్న చిలుము. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టుకు వెళ్లివచ్చిన నిజాం రిసాలా (గుర్రపు దళం) అధికారి వాడిన వస్తువని, ఆయన మనవడే స్వయంగా తెచ్చి అమ్ముకున్నాడని దుకాణదారు చెప్పాడు. 'ఖాందానీ చీజ్ హై సాబ్' (వంశపారంపర్యపు వస్తువు) అన్న మాట ఆయన నోట మూడుసార్లు వచ్చింది. నాలుగున్నర వేలు ఇచ్చి తెచ్చుకుని, ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ చూపించాను. కెల్విన్ సంస్థ, హ్యూస్ సంస్థ మొదట వేర్వేరుగా ఉండేవని, అవి విలీనమై ఆ జంట పేరుతో ఒకే సంస్థ అయినది 1947లోనని రెండు నెలల తరువాత తెలిసింది. ఏ సంస్థా పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందే తన పేరు చెక్కుకోదు కదా. ఇటువంటి ఇత్తడి దిక్సూచులు, దుర్భిణులు మొరాదాబాద్, రూర్కీ వంటి ఊళ్లలో అలంకారం కోసం ఇప్పటికీ తయారవుతున్నాయి. చేసేవాళ్లు వాటిని అలంకార వస్తువులుగానే అమ్ముతారు, అందులో మోసమేమీ లేదు. చేతులు మారుతూ మన ఊరి దుకాణానికి చేరేసరికి మాత్రం వాటికి ఒక తాతగారు పుట్టుకొస్తారు.

ఆ నాలుగున్నర వేలకు నేను నేర్చుకున్నది ఇది: పాతదనాన్ని ఒక్క రాత్రిలో తెప్పించవచ్చు. ఇత్తడిని అమ్మోనియా ఆవిరిలో ఉంచితే తెల్లవారేసరికి చిలుము పడుతుంది, ఇనుమును ఉప్పునీళ్లలో ముంచి ఆరుబయట పెడితే వారంలో తుప్పెక్కుతుంది, కాగితం మీద టీ డికాక్షన్ పోస్తే గంటలో ముసలిదవుతుంది. అయితే వస్తువు మీది అక్షరం, గుర్తు, సంవత్సరం, కొలత, లోహం ఇవన్నీ ఆ కాలంతో సరిపోవాలంటే నకిలీ చేసేవాడికి చరిత్ర తెలిసి ఉండాలి, ఆపైన మంచి యంత్రం కూడా ఉండాలి. ఆ రెండూ కలిసి ఉన్నవాడు అరుదు. కాబట్టి వస్తువు చేతికి రాగానే ఎంత పాతగా కనిపిస్తున్నదో చూడటం మానేసి, ముందుగా దాని మీద ఉన్నదంతా చదవాలి, తరువాత కొలవాలి, ఆ తరువాతే చిలుము సంగతి, అరుగుదల సంగతి ఆలోచించాలి. మనలో చాలామంది దీనికి తలకిందులుగా వెళ్తారు.

వెళ్లేముందు జేబులో ఉండవలసినవి

పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, వెర్నియర్ కాలిపర్, దారానికి కట్టిన చిన్న అయస్కాంతం, నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చ్ సరిపోతాయి. కాలిపర్ రాణీగంజ్‌లోని పనిముట్ల దుకాణాల్లోను, టార్చ్ కోఠీ గుజరాతీ గల్లీలోను దొరుకుతాయి. గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న తూకపు యంత్రం కూడా ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. వీటికంటె ముఖ్యమైన సరంజామా మరొకటి ఉంది, అది కన్ను. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు ఒక పూట నిలబడి, నిజంగా చేతుల్లో నలిగిన పిడి ఎక్కడ అరుగుతుందో, ఒర అంచు ఎక్కడ నునుపెక్కుతుందో చూసి రావాలి. అసలు వస్తువులను యాభై చూసిన కంటికి నకిలీ వస్తువు, కారణం చెప్పలేకపోయినా, ఎక్కడో గుచ్చుకుంటుంది.

కాలంతో పొసగనిది ఏదైనా ఉందా?

వస్తువు మీద కిరీటం ఉంటే దాని ఆకారం చూడాలి. 1902 నుంచి 1952 వరకు బ్రిటిష్ సైనిక చిహ్నాల మీద వాడిన కిరీటానికి పైనున్న కమానులు గుమ్మటంలా గుండ్రంగా ఉంటాయి. ఎలిజబెత్ రాణి కాలంలో, అంటే 1953 తరువాత వచ్చిన కిరీటంలో ఆ కమానులు నడిమధ్య కిందికి నొక్కినట్టు వంగి ఉంటాయి. బర్మా యుద్ధంలో పెట్టుకున్న టోపీ బిళ్ల అని చూపిస్తూ, దాని మీద నడుము వంగిన కిరీటం ఉంటే ఇక మాట్లాడవలసింది లేదు. నాలుగు సింహాల చిహ్నం మన దేశానికి 1950 జనవరి 26న వచ్చింది కాబట్టి అది ఉన్న బొత్తాం ప్రపంచ యుద్ధానిది కాజాలదు. భారత వాయుసేన 1932లో పుట్టినా దాని పేరుకు 'రాయల్' అన్న మాట చేరినది 1945లో, తీసేసినది 1950లో. ఆ మాటతో సహా 1941 అని చెక్కిన సిగరెట్ పెట్టె ఒకటి నేను ఒక దుకాణంలో చూశాను. పెట్టె మీద పనితనం మాత్రం చక్కగా ఉంది.

మాటలు కూడా ఇలాగే పట్టిస్తాయి. 1916లో ఉన్నవాడికి రెండో యుద్ధం వస్తుందని తెలియదు కనుక తన యుద్ధాన్ని 'మొదటి ప్రపంచ యుద్ధం' అని అంకె వేసి చెక్కుకునే అవకాశం దాదాపు లేదు. ఆనాటి వాళ్లకు అది 'మహాయుద్ధం'. ఆ మాట ఉన్న విజయ పతకం (విక్టరీ మెడల్) వెనుక వైపు సంవత్సరాలు 1914-1919 అని ఉంటాయి, 1918 అని కాదు. అసలు పతకాన్ని చూసి, సంవత్సరం తప్పుపడిందని వదులుకున్నవారు నాకు తెలుసు. దేశంలో ఆరంకెల పిన్ కోడ్ 1972లో వచ్చింది కనుక, తోలు సంచీ లోపల అతికించిన దుకాణపు చీటీ మీద పిన్ కోడ్ కనిపిస్తే సంచీ వయసు అక్కడే తేలిపోతుంది. బాల్ పెన్ను మామూలు జనం చేతికి వచ్చినది యుద్ధం ముగిశాక. 1942లో సరిహద్దు నుంచి రాసిన ఉత్తరం బాల్ పెన్నుతో ఉంటే ఆ ఉత్తరాన్ని సగౌరవంగా తిరిగి ఇచ్చేయవచ్చు. తలలో ప్లస్ ఆకారపు గాడి ఉన్న మరమేకు 1930ల తరువాతి సంగతి, మొదటి యుద్ధపు పరికరంలో అది ఉండకూడదు.

హైదరాబాదులో కొనేవాళ్లకు ఇక్కడ రెండు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. మొదటిది 'హైదరాబాద్' అన్న పేరే. నిజాం సొంత సైన్యం ఒకటి, బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉండిన 19వ హైదరాబాద్ రెజిమెంట్ మరొకటి. ఈ రెండో దాంట్లో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువగా పనిచేశారు, 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. భుజానికి పెట్టుకునే ఇత్తడి బిళ్ల మీద హైదరాబాద్ అని కనిపించగానే 'నిజాం ఫౌజ్' అనడం దుకాణదారుల అలవాటు, అందులో ఎప్పుడూ దురుద్దేశమే ఉంటుందని నేను అనుకోను, వాళ్లకూ తెలియదు. మొదటి యుద్ధంలో నిజాం రిసాలా, అంటే హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, మైసూరు, జోధ్‌పూర్ రిసాలాలతో కలిసి 15వ అశ్విక బ్రిగేడులో ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రిసాలాల జ్ఞాపకార్థం నిలబెట్టినవే. ఇవి కాక, బ్రిటిష్ వాయుసేనలో నిజాం విరాళంతో ఏర్పడిన 'హైదరాబాద్' స్క్వాడ్రన్లు ఉండేవి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం దస్తారే (తలపాగా) ఉంటుంది. ఆ చిహ్నం ఉన్నంత మాత్రాన వస్తువు హైదరాబాదీదైపోదు, దాన్ని ధరించినవాడు లండన్ కుర్రవాడై ఉండవచ్చు.

రెండో చిక్కు సంవత్సరం. అసఫ్‌జాహీ కాలపు వస్తువుల మీద హిజ్రీ సంవత్సరమూ ఉండవచ్చు, ఫస్లీ (సర్కారు లెక్కలకు వాడిన) సంవత్సరమూ ఉండవచ్చు. కత్తి మీద ఉర్దూ అంకెల్లో 1334 అని ఉందనుకుందాం. అది హిజ్రీ అయితే 1915-16, అంటే యుద్ధం నడుమ. ఫస్లీ అయితే, దక్కన్ లెక్కలో 590 కలపాలి కనుక 1924-25, యుద్ధం ముగిసి ఆరేళ్లు. అమ్మేవాడు తనకు అనుకూలమైన లెక్కే చెబుతాడు, అది సహజం. నాణేల మీద హిజ్రీ, దఫ్తర్ కాగితాల మీద, సర్కారు సామాను మీద ఫస్లీ ఎక్కువగా కనిపిస్తుందని గుర్తుంచుకుంటే కొంత మేలు. ఉర్దూ అంకెలు చదవడం అరగంట పని, నేర్చుకుని వెళ్లాలి.

పతకాలు

మన దుకాణాల్లో నిజంగా విలువైనవి దొరికే అవకాశం పతకాల్లోనే ఎక్కువ, ఎందుకంటే తెలియక తాళంచెవుల గుత్తుల మధ్య పడేస్తారు. అందుచేత వీటి గురించి కాస్త విస్తరంగా చెబుతాను.

మొదటి యుద్ధం తరువాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ 36 మిల్లీమీటర్ల వెండి బిళ్ల. ముందువైపు ఐదో జార్జి తల, వెనుకవైపు గుర్రం మీద నగ్నంగా ఉన్న వీరుడు, గుర్రం కాళ్ల కింద గద్ద గుర్తున్న డాలు, 1914, 1918 అన్న అంకెలు ఉంటాయి. ముఖ్యమైనది అంచు. అంచు మీద సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం అక్షరపు అచ్చులతో గుద్ది ఉంటాయి. గుద్దిన అక్షరాన్ని భూతద్దంలో చూస్తే గాడి అడుగు చదునుగా, లోతు అంతటా ఒకేలాగా ఉంటుంది, అక్షరం చుట్టూ లోహం కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. ఉలితో చెక్కిన అక్షరం గాడి కోణంగా ఉండి, మొదలులో లోతుగా, చివర సన్నగా తేలిపోతుంది. చెక్కినవన్నీ నకిలీవి కావు, వేరే పతకాలకు, వేరే కాలాల్లో చెక్కడం కూడా ఉంది. కాని ఈ పతకం మీద చెక్కిన పేరు కనిపిస్తే, ఆకురాయి పెట్టి పాత పేరు తీసి కొత్త పేరు వేశారేమోనన్న అనుమానం మొదట రావాలి. ఆ అనుమానం తీర్చడానికే కాలిపర్. బిళ్లను తిప్పుతూ నాలుగు చోట్ల అడ్డకొలత తీసుకుంటే, ఆకురాయి పడ్డ చోట కొద్దిగానైనా తగ్గి ఉంటుంది. లాన్సర్ పేరు ఉన్న పతకానికి కూలీ దళం మనిషి పతకం కంటె ఎక్కువ ధర పలుకుతుంది కాబట్టి పేర్లు మార్చే పని లాభసాటిగానే సాగింది.

వెండి అవునో కాదో తేల్చడానికి ఆమ్లాలు, గీటురాళ్లు అక్కర్లేదు, గీస్తే పతకం పాడవుతుంది. రిబ్బను తీసి బిళ్లను తూచాలి. తరువాత తూకపు యంత్రం మీద గ్లాసుడు నీళ్లు పెట్టి అంకెను సున్నా చేసి, పతకాన్ని సన్నని దారానికి కట్టి, గ్లాసు అడుగుకు గాని గోడకు గాని తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేటట్టు చేత్తో వేలాడదీయాలి. అప్పుడు యంత్రం చూపే అంకెతో మొదటి బరువును భాగించాలి. ఉదాహరణకు పొడిగా 30 గ్రాములు ఉన్న బిళ్ల నీళ్లలో 2.9 చూపితే ఫలితం 10.3కు దగ్గరగా వస్తుంది, అది ఆభరణపు వెండి. 3.5 చూపితే ఫలితం ఎనిమిదిన్నర, అంటే వెండి పూత పూసిన ఇత్తడి. రాగి, నికెల్ కలిసిన లోహం 8.9 దగ్గర వస్తుంది. రెండో యుద్ధపు వార్ మెడల్, డిఫెన్స్ మెడల్, మన ఇండియా సర్వీస్ మెడల్ ఈ లోహంతో చేసినవి కాబట్టి వాటి విషయంలో వెండి కాలేదని దిగులుపడనక్కర్లేదు. నీటి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, ఒకసారి దారాన్ని ఆడించి మళ్లీ చూడాలి.

ఇంత చెప్పాక, ఈ లెక్కే నన్ను ఒకసారి ఎలా తికమక పెట్టిందో కూడా చెప్పాలి. గురువారం నాడు పురానాపూల్ దగ్గర జరిగే జుమ్మేరాత్ బజారులో, నేల మీద పరిచిన గోనెసంచి మీద, విరిగిన కుళాయి తలలు, తుప్పు తాళాల మధ్య ఇదే బ్రిటిష్ వార్ మెడల్ గోధుమరంగులో కనిపించింది. రంగు చూస్తే వెండి కాదని తెలుస్తూనే ఉంది. అమ్మేవాడే 'డూప్లికేట్ హై, దో సౌ దే దో' అన్నాడు. అంచు తిప్పి చూస్తే అక్షరాలు గుద్దినవి, అడుగు చదును, నాలుగు చోట్లా కొలత సమానం. ఒక సంఖ్య, ఒక్కటే పేరు, ఆ తరువాత లేబర్ కోర్ అన్న అక్షరాలు ఉన్నాయి. ఈ పతకాన్ని కూలీ దళాల్లో పనిచేసిన చైనీయులకు, మాల్టా వాళ్లకు, భారతీయులకు వెండితో కాక కంచుతో ఇచ్చారు, అటువంటివి సుమారు లక్షా పదివేలు. యుద్ధంలో మోసిన బరువు ఒకటే అయినా పతకంలో లోహం వేరు చేశారు. ఆ అవమానమే ఇన్నేళ్ల తరువాత ఆ బిళ్లను నకిలీగా కనిపించేట్టు చేసింది. రెండు వందలకే తీసుకున్నాను. ఆ కుర్రవాడికి సంగతి చెప్పకుండా వచ్చేశానన్న ఇబ్బంది ఇంకా ఉంది.

రెండో యుద్ధపు నక్షత్ర పతకాల సంగతి వేరు. బర్మా స్టార్, ఇటలీ స్టార్, ఆఫ్రికా స్టార్ అన్నీ ఒకే ఆరుకోణాల ఆకారం. ఎత్తు 44, వెడల్పు 38 మిల్లీమీటర్లు, రాగి, జింకు కలిసిన పసుపు లోహం, వెనుక వైపు నున్నగా ఖాళీ. బ్రిటన్ వీటిని పేరు వేయకుండానే ఇచ్చింది కనుక పేరు లేకపోవడం లోపం కాదు. పేరు ఉంటే మాత్రం అది ఎవరు, ఎప్పుడు వేసినదన్న ప్రశ్న వస్తుంది. వీటిలో చూడవలసింది అచ్చుగుద్దినదా, పోతపోసినదా అన్నదే. అచ్చుగుద్దిన బిళ్లలో కిరీటం మీది ముత్యాలు విడివిడిగా లెక్కపెట్టేటట్టు ఉంటాయి, అక్షరాల మూలలు పదునుగా ఉంటాయి. పోతపోసినదానిలో అక్షరాలు సబ్బు మీది అక్షరాల్లా మెత్తబడి, వాటి మధ్య చదును మీద సూదిమొన పట్టే గుంటలు, అంచున ఆకురాయి గీతలు కనిపిస్తాయి. పైగా కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి, అసలు నుంచి అచ్చు తీసి పోసిన నకలు ఎప్పుడూ అసలు కంటె చిన్నదే.

ఈ కుంచించుకుపోవడం బాగా తెలిసేది మరణించిన సైనికుల కుటుంబాలకు మొదటి యుద్ధం తరువాత పంపిన కంచు ఫలకంలో. సింహంతో నిలబడ్డ బ్రిటానియా (స్త్రీ రూపంలో చూపే బ్రిటన్) బొమ్మ ఉండే ఈ ఫలకం 120 మిల్లీమీటర్లు ఉంటుంది. నకలు తీస్తే దాదాపు రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. మృతుడి పేరు హోదా లేకుండా, దీర్ఘచతురస్రపు గడిలో, మిగిలిన బొమ్మతో పాటే ఉబ్బెత్తుగా వచ్చి ఉండాలి. చదును గడిలో పేరు తవ్వి ఉంటే అది ఆ ఫలకం కాదు. పేరు దొరికినప్పుడు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి జాబితాలో ఉచితంగా వెతకవచ్చు. మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారు అందులో ఉంటారు. బతికి ఇంటికి వచ్చినవారు ఉండరు కాబట్టి, పతకం మీది పేరు అక్కడ లేకపోవడం ఏమీ రుజువు చేయదు.

కత్తులు, హెల్మెట్లు, మరికొన్ని

బర్మా నుంచి తెచ్చినదని చూపే జపాను కత్తులు సికింద్రాబాదు వైపు అప్పుడప్పుడు కనిపిస్తాయి. వీటిలో ఎక్కువ నకళ్లు వచ్చినది 1935లో కింది స్థాయి అధికారులకు ఇచ్చిన టైప్ 95 కత్తికి. అసలుదాని పిడి చూడటానికి నాడా చుట్టినట్టు ఉన్నా, అది పోతపోసిన లోహం మీద రంగు వేసినదే (తొలినాళ్లలో రాగి, తరువాత అల్యూమినియం). కత్తి అలుగు మీద పిడి దగ్గర ఒక సంఖ్య గుద్ది ఉంటుంది, ఒర మీదా అదే సంఖ్య ఉండాలి. నకళ్లలో ఆ అంకెలు వంకరటింకరగా, ఒక్కోటి ఒక్కో లోతులో ఉంటాయి, పిడి మీది నాడా మడతలు బొద్దుగా ఉంటాయి. రెండు సంఖ్యలూ వేరైతే వెంటనే నకిలీ అనకూడదు, యుద్ధం తరువాత ఒరలు మారిపోయి ఉండవచ్చు. ధర మాత్రం ఆ మేరకు తగ్గాలి.

బ్రిటిష్ బ్రోడీ హెల్మెట్ డిప్ప మాంగనీస్ ఎక్కువగా ఉన్న హ్యాడ్‌ఫీల్డ్ ఉక్కుతో చేసినది, ఆ ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు. 1917 నాటి బ్రిటిష్ డిప్పకు అయస్కాంతం టక్కున అతుక్కుంటే ఆగి ఆలోచించాలి. ఇతర దేశాల హెల్మెట్లలో చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది కనుక ఈ పరీక్ష వాటికి వర్తించదు. జర్మన్ ఐరన్ క్రాస్‌కు ఇదే పరీక్ష తిరగేసి చేయాలి: మధ్యభాగం ఇనుము కాబట్టి అయస్కాంతం లాగాలి, చుట్టూ ఉన్న వెండి చట్రం విడిగా చేసి అతికినట్టు సన్నని గీత కనిపించాలి. అంతా ఒకే ముక్కగా పోసినది అలంకారానికే. నాజీ గుర్తులున్న వస్తువుల మీద నాకు సొంత అభిప్రాయం ఒకటి ఉంది. ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువగా నకలు చేసేవి అవే, వాటితో మన ఊరికి సంబంధమూ తక్కువే. వాటిని కొత్తవాళ్లు ముట్టుకోకపోవడం మంచిది.

ఫిరంగి గుండు తొడుగును పూలకుండీగా మలిచిన ఇత్తడి వస్తువులు ఇక్కడ విరివిగా దొరుకుతాయి. అడుగున గుద్దిన సంవత్సరం ఆ తొడుగు తయారైనప్పటిదే తప్ప దాని మీద నెమళ్లు చెక్కినప్పటిది కాదు. 1917 నాటి తొడుగు మీద 1970లో నెమళ్లు వేసి ఉండవచ్చు. చెక్కడపు గాళ్లలోను, చుట్టూ ఉన్న ఇత్తడిలోను చిలుము ఒకే వన్నెలో ఉన్నదో లేదో చూడటం తప్ప దీనికి మరో దారి లేదు. లోపల ఏమైనా కదిలినట్టు అనిపించినా, గుండు ముక్కు ఇంకా బిగించి ఉన్నా, గ్రెనేడు అడుగు మూసి ఉన్నా, పరీక్షలు కట్టిపెట్టి పోలీసులకు చెప్పాలి. మరొక జాతి వస్తువులకు పరీక్షే లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను వేసిన బాంబు ముక్క అని ఒక ఇనుప తునకను చూపిస్తే, కాగితం మీద ఆధారం లేనప్పుడు దాని విలువ పాత ఇనుము విలువే.

దిక్సూచి దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలుది ఎలా ఉంటుందో చెప్పలేదు. మొదటి యుద్ధపు అసలు దిక్సూచుల మీద వెర్నర్స్ పాటర్న్ అన్న పేరు, తయారీదారు పేరు, వరుస సంఖ్య, సంవత్సరం, పైకి చూపే వెడల్పు బాణం గుర్తు ఉంటాయి. ఆ బాణం బ్రిటిష్ సర్కారు సొత్తుకు గుర్తు. బాణం కింద 'ఐ' అన్న అక్షరం ఉంటే అది ఇండియా సర్కారుది, బాణం చుట్టూ 'సి' ఉంటే కెనడాది. ముల్లు మీద పూసిన రేడియం పూత ఇప్పటికి గోధుమరంగులోకి తిరిగి చీకట్లో మెరవడం మానేసి ఉంటుంది. టార్చ్ వేసి ఆర్పిన తరువాత పచ్చగా దేదీప్యమానంగా వెలిగితే అది నిన్నటి రంగు. మెరుపు పోయినా రేడియం రేడియోధార్మిక శక్తి పోదు, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అందువల్ల అసలుదని తేలిన దిక్సూచి అద్దం విప్పకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఉత్తరాలు, ఫొటోలు, గుడ్డ బిళ్లలు ఆబిడ్స్ ఆదివారం సంతలో పాత పుస్తకాల మధ్య దొరుకుతుంటాయి. అతినీలలోహిత టార్చ్ వేస్తే, 1950 తరువాత కాగితంలోను దారంలోను వాడుకలోకి వచ్చిన తెలుపు రసాయనాలు నీలంగా మెరుస్తాయి, అంతకు ముందువి మెరవకుండా మసకగా ఉండిపోతాయి. మెరవకపోతే అసలుదని కాదు, మెరిస్తే మాత్రం దాదాపు కాదనే. చొక్కాలు సర్ఫుతో ఉతికితే కూడా మెరుస్తాయి కనుక యూనిఫాం విషయంలో పైబట్టను కాక మడత లోపలి కుట్టును చూడాలి.

చట్టం, బేరం

రైఫిళ్లు, పిస్తోళ్ల జోలికి లైసెన్సు లేకుండా వెళ్లకూడదు, పని చేయదని చెప్పినా సరే. రెండో యుద్ధపు రైఫిల్ అని చూపేవాటిలో ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో 1960ల తరువాత చేసిన 2ఎ1 రకం కూడా ఉంటుందని తెలిసి ఉంటే చాలు. 9 అంగుళాల కంటె పొడవు గాని 2 అంగుళాల కంటె వెడల్పు గాని ఉన్న కత్తులు, బాయ్‌నెట్లు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. సర్కారు ప్రకటించిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి కనుక కొనేముందు మన పరిధిలోని పోలీసు స్టేషనులో అడగడం మేలు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళాఖండాలు, పనితనపు వస్తువులు పురావస్తువులు, వాటిని దేశం దాటించకూడదు. మొదటి యుద్ధపు వస్తువులు ఇప్పుడు ఆ వయసుకు వచ్చేశాయి. అమెరికాలో ఉన్న కొడుక్కి తాతగారి కత్తి పంపాలనుకునేవాళ్లు ఇది గమనించాలి.

బేరంలో నేను చేసే పని ఒకటే. ధర కుదిరాక, 'ఇది 1917 నాటి అసలు వస్తువు, కాదని తేలితే డబ్బు వాపసు' అని బిల్లు మీద రాసి సంతకం చేయమని నెమ్మదిగా అడుగుతాను. నిజంగా నమ్మి అమ్మేవాడు రాస్తాడు. నమ్మనివాడు మొదట నవ్వుతాడు, తరువాత ధర తగ్గిస్తాడు. తగ్గించిన ధర అలంకార వస్తువుకు తగినదైతే, అలంకార వస్తువుగానే కొనుక్కోవచ్చు.

కొన్న తరువాత చింతపండు పెట్టి తోమకూడదు. మనిళ్లలో ఇత్తడి కనిపిస్తే చేతులు ఊరుకోవు, అయినా ఆగాలి. చిలుము పోతే దానితో పాటు సగం సాక్ష్యం, సగం విలువ పోతాయి. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఎక్కడ, ఏ రోజు, ఎంతకు కొన్నారో, అమ్మినవాడు ఏం చెప్పాడో, మీరు చేసిన పరీక్షల్లో ఏ అంకెలు వచ్చాయో ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి వస్తువుతో పాటే ఉంచాలి. దుకాణదారు చెప్పిన కథను కూడా రాయాలి, అయితే అది ఆయన చెప్పినదని స్పష్టంగా పేర్కొనాలి.